కంచంలో పచ్చిచేప

నాలుగో రోజు కూడా బుచ్చవ్వ పొయ్యి వేరుగానే వెలిగించింది.

వంటింట్లో గ్యాసు మీద కోడలు అన్నం వండుతుంటే, వాకిట్లో మూడు రాళ్లు పెట్టి అత్త కట్టెలు రాజేసింది. ఆదివారం పొద్దున తొమ్మిదింటికే ఇల్లంతా పొగ. ఆ పొగ ఎవరి కళ్లల్లోకి వెళ్లాలని బుచ్చవ్వ కోరుకుందో సరిగ్గా వాళ్ల కళ్లల్లోకే వెళ్లింది. సరళ కొంగుతో కళ్లు తుడుచుకుంది గానీ కిటికీ మూయలేదు. మూస్తే ఓడినట్టు.

గురువారం నుంచి అత్త కోడలితో మాట్లాడడం లేదు. అట్లాగని నోరు మూసుకుని కూర్చుందనుకునేరు. కోడలితో తప్ప ఇంట్లో ఉన్న అన్నింటితో మాట్లాడుతోంది.

“ఓ కోడీ, ఇన్నవా,” అంది గంప కింది కోడిపెట్టతో. “చేపలు పట్టే ఇంట్ల పుట్టిన, చేపలు పట్టే ఇంటికొచ్చిన. అరవై ఏండ్లు నిండినయి. పచ్చిచేప తిన్న మనిషిని ఇంతవరకు సూడలే. పచ్చియి తినేటియి కొంగలు. ఇగ ఇప్పుడు నా ఇంట్లనే ఒక కొంగ వాలింది.”

సరళ కిటికీలోంచి అదే కోడికి జవాబు చెప్పింది.

“ఓ కోడీ, మీ అవ్వకు జెప్పు. గా కొంగనే బుధారం దాంక ఆమె కాళ్లు ఒత్తింది. అప్పుడు ముక్కుతోని పొడవలే.”

బుచ్చవ్వ కట్టెను ఇంకాస్త లోపలికి తోసింది. పొగ రెట్టింపైంది.

గొడవంతా ఒక గిన్నె దగ్గర మొదలైంది. గురువారం నాడు సరళ గెస్ట్‌హౌస్ నుంచి ఒక గిన్నె తెచ్చుకుని గోడ పక్కన కూర్చుని తింటోంది. అందులో అన్నం, దోసకాయ ముక్కలు, ఉల్లికాడలు, వేయించిన నువ్వులు, నల్లటి పులుసులో నానిన చేప ముక్కలు. బుచ్చవ్వ ముచ్చటపడి ఒక ముక్క వేళ్లతో పట్టి చూసింది. అది ఉడకలేదు, వేగలేదు, కాలలేదు. ఆమె అరవలేదు. గిన్నె తీసుకెళ్లి పెంటకుప్ప మీద బోర్లించి వచ్చి, ఆ సాయంత్రమే మూడు రాళ్లు ఏరుకుంది.

కోడలికి ఆకలి తీరనందుకు కోపం రాలేదు. గెస్ట్‌హౌస్‌లో వంటవాడు లేని వేళ చూసి తను చేసిన వంట, తొలిసారి సరిగ్గా కుదిరిన వంట, కుప్ప మీదికి పోయినందుకు వచ్చింది.

తుర్కపల్లి దిక్కు మందుల కంపెనీలో కొత్త మిషన్లు బిగించడానికి వచ్చిన జపానువాళ్లు శామీర్‌పేట గెస్ట్‌హౌస్‌లో ఉంటున్నారు. అక్కడ సరళ మూడేళ్లుగా గిన్నెలు కడుగుతోంది. వాళ్లలో హరుకో అనే ఇంజినీరమ్మకు వంటంటే ప్రాణం. ఖాళీ దొరికితే వంటింట్లో చేరి, తన గదిలోని సీసాలూ పొట్లాలూ తెచ్చుకుని పోకే అనే ఈ పచ్చిచేప గిన్నె చేసుకునేది. ఆమె వంశంలో పెద్దలు ఎప్పుడో హవాయి దీవుల్లో చెరుకుతోటల కూలికి వెళ్లారట, అక్కడ ఈ తిండికి అలవాటు పడ్డారట. గిన్నెలు కడుగుతూ చూసి చూసి సరళ నేర్చుకుంది. కూలోళ్ల బువ్వ అని తెలిశాక ఇంకా శ్రద్ధగా నేర్చుకుంది.

వచ్చే నెల ఇంకో పన్నెండు మంది వస్తున్నారు. ఏడాది ఉంటారు. వాళ్ల తిండి వండడం తెలిసిన మనిషి కావాలి. గెస్ట్‌హౌస్ నడిపే మనోరమ సిటీ నుంచి వంటవాణ్ని తెద్దామంది. హరుకో సరళ పేరు చెప్పింది. గెస్ట్‌హౌస్‌లో ఇప్పుడున్న వంటవాడు గిన్నెలు కడిగేదాన్ని పొయ్యి గట్టు ముట్టనివ్వడు. కాబట్టి సరళ తన ఇంట్లోనే, తన చేతుల్తోనే చేసి పెట్టాలి. ఈ రోజు పన్నెండింటికి ఇద్దరూ వచ్చి తింటారు. కుదిరితే రేపట్నుంచి వంటిల్లు సరళది. కుదరకపోతే మళ్లీ అంట్ల తొట్టి.

సరళ మెతుకు పట్టుకుని చూసి పొయ్యి ఆపింది. ముద్దకట్టేలా ఉడికిన అన్నాన్ని పళ్లెంలోకి వంచి, పుల్లటి సిర్కాలో పంచదార, ఉప్పు కరిగించి చల్లి, ఒక చేత్తో కలుపుతూ ఇంకో చేత్తో విసనకర్రతో విసరసాగింది.

కుమార్ తెల్ల చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. తూంకుంట వెంచర్లో ప్లాట్లు చూపించే పని అతనిది. ఎకరం బీడును నందనవనంలా వర్ణించగలడు. పెళ్లాంతో మాట్లాడేటప్పుడు మాత్రం మాటలు వెతుక్కుంటాడు.

“ఇంకా మించిపోలేదు సరళా. ఫోన్ జేసి పాణం బాగలేదని జెప్పు.”

“నా పాణం మంచిగున్నది.”

“హోటల్ల చాయ్ తాగుతాంటే మన భిక్షం గాడు అడుగుతుండు. ఏందిరా, మీ ఇంట్ల పొయ్యి అక్కెర్లేదట గదా అని. పది మందిల నా తలకాయ ఏడ బెట్టుకోవాలె?”

“మెడ మీద బెట్టుకో. ఆడనే ఉంటది.”

“గిన్నెలు కడుగుడుకు ఏమైంది? మూడేండ్ల సంది కడుగుతలేవా?”

విసనకర్ర ఆగింది.

“నువ్వు ఒక్కనాడు కడుగు. మంది తిని ఇడిచిన ఎంగిలి చేత్తోని తీసి, జిడ్డు గీకి, మోచేతుల దాంక పాసిపోయే దాంక కడుగు. అప్పుడు అడుగు ఏమైందని.” ఆమె గొంతు పెరగలేదు. “నాకు వంట వస్తది. వచ్చినోళ్లు వండాలె. దీంట్ల నీకేం తక్కువైతాందో నాకు సమజైతలేదు.”

అతను చొక్కా గుండీ ఒకటి తప్పు రంధ్రంలో పెట్టుకున్నాడు. సరళ చూసింది గానీ చెప్పలేదు.

పదింటికి మామ ముత్తయ్య చెరువు నుంచి వచ్చాడు. ఆదివారాలు ఆయన వల వేయడు. ఈ రోజు ఎందుకు వెళ్లాడో ఎవరికీ తెలీదు. నడుం దాకా తడిసి, చంకలో తడిగుడ్డ మూట పెట్టుకుని వాకిట్లోకి రాగానే సరళ కొంగు నెత్తి మీదికి లాక్కుని తలుపు చాటుకు జరిగింది.

అది ఆ ఇంటి పద్ధతి. పద్నాలుగేళ్ల కాపురంలో మామతో ఆమె నేరుగా పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. ఆయన “ఆమెకు జెప్పు” అంటాడు. ఈమె “మామకు జెప్పత్తా” అంటుంది. మధ్యలో బుచ్చవ్వ రెండు దిక్కులా మాటలు మోస్తుంది. పోస్టుమాను అలిగితే ఉత్తరాలు ఎక్కడివక్కడే ఉండిపోతాయి కదా. నాలుగు రోజులుగా ఈ ఇంట్లో జరుగుతున్నది అదే. కోడలు ఏం చేస్తోందో, ఎందుకు చేస్తోందో ముత్తయ్య చెవిన ఎవరూ సరిగా వేయలేదు.

ఆయన గూట్లో ఉన్న తెల్లటి థర్మాకోల్ డబ్బా వైపు చూశాడు. నిన్న సాయంత్రం గెస్ట్‌హౌస్ నుంచి సరళ తెచ్చిన చేప అందులో ఐసు మధ్య ఉంది. ఒకసారి దగ్గి, దొడ్లోకి వెళ్లిపోయాడు.

సరళ నీళ్లు పోసుకోవడానికి వెళ్లింది. తల తుడుచుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి, దోసకాయలు కోసి, నువ్వులు వేయించి, పదకొండున్నరకు డబ్బా మూత తీసింది.

లోపల తను పెట్టని మోదుగాకులు పరిచి ఉన్నాయి. ఆకుల మీద చేప ముక్కలు. తోలు ఒలిచి, ముల్లన్నది లేకుండా తీసి, పాచికల్లా ఒకే కొలతకు కోసినవి. తెల్లగా, నిగనిగలాడుతూ ఉన్నాయి.

ఒక ముక్కను వేలితో నొక్కింది. అది వేలిని వెనక్కి తోసింది. చేపలోళ్ల ఇంటి ఆడదానికి ఇంకేం చెప్పాలి? అది కొర్రమట్ట, చెరువు చేప. రెండు గంటల కింద ఈదుతున్న కొర్రమట్ట.

ఆకులెత్తి అడుగున చూసింది, తను తెచ్చిన చేప అక్కడా లేదు.

హరుకో ఎన్ని నేర్పినా ఒక్క మాట మాత్రం వేలు చూపించి, కళ్లలోకి చూసి, మూడుసార్లు చెప్పింది. సముద్రపు చేపే కావాలి. అది గట్టి చలిలో వారం పైన గడ్డకట్టి ఉండాలి. చెరువు చేప పచ్చిగా ఎన్నడూ వద్దు. అందులో కంటికి ఆనని పురుగు ఉండొచ్చు. ఉడికిస్తే చస్తుంది, లేకపోతే మనిషి కార్జంలో చేరి కూర్చుంటుంది.

“అత్తా,” అని పిలిచింది కిటికీలోంచి. “డబ్బాలున్న చేప ఏమైందో మామను అడుగు.”

బుచ్చవ్వ కట్టెలతో మాట్లాడుతోంది.

“అత్తా, నీకు దండం పెడ్త. ఒక్క మాట అడుగు.”

బుచ్చవ్వ గిన్నె మీద మూత పెట్టింది. అంతే.

సరళకు అప్పుడొచ్చింది కోపం. ఈ ఇంటి మీద, ఈ పద్ధతి మీద, నెత్తి మీద జారకుండా పద్నాలుగేళ్లు పట్టుకున్న ఈ కొంగు మీద. తలుపు దాటి, వాకిలి దాటి, దొడ్లో వల విప్పుతున్న ముత్తయ్య ఎదురుగా వెళ్లి నిలబడింది.

“మామా, నా చేప ఏది?”

వాకిట్లో బుచ్చవ్వ చేతిలో గరిటె ఆగిపోయింది. లోపలి నుంచి కుమార్ బయటికి వచ్చాడు.

ముత్తయ్య తలెత్తలేదు. వలకే చెప్పాడు.

“అది చేపనా? దానికి కన్ను లేదు, మొప్ప లేదు. ఎన్నడు సచ్చిందో ఎవనికెరుక. కన్ను సూడకుంట, మొప్ప ఎత్తకుంట నేను ఒక్క చేప కొనలే, అమ్మలే. గసొంటి పీనుగను నా ఇంట్ల సుట్టాలకు పెడ్తరా? కుక్కలకేసిన.” వల ముడి ఒకటి విప్పాడు. “ఆమె పచ్చిది పెడ్తదట. పెట్టనియ్యి. పెడితే పాణమున్న చేప పెట్టాలె. తెల్లారకముందు పోయి తెచ్చిన. మూడు సేర్లున్నది. గింత మంచిది ఈ యేడు పడలే.”

ఆ ఇంట్లో నాలుగు రోజులుగా తన పక్షాన నిలబడ్డ మనిషి ఒక్కడున్నాడని, అది మామ అని, సరళకు ఆ క్షణంలో తెలిసింది. సంతోషంతో ఏడవాలో, కోపంతో ఏడవాలో ఆమెకు అర్థం కాలేదు.  వెనుదిరిగి లోపలికి వచ్చింది.

కుమార్ వెనకే వచ్చాడు. ఆశ్చర్యం ఏమిటంటే, అతని మొహం ఇప్పుడు ప్లాట్లు చూపించేటప్పటి మొహంలా వెలుగుతోంది.

“పరేషాన్ గాకు. అదీ తెల్లగుంటది, ఇదీ తెల్లగుంటది. నీ నల్ల నీళ్లల్ల నానబెడితే ఎవడు గుర్తువడ్తడు? పెట్టెయ్.”

“పొద్దుగాల వద్దంటివి?”

“పొద్దుగాల సంగతి వేరే. వాళ్లు బయల్దేరిన్రు, మనోరమ మేడం ఫోన్ జేసింది. ఇంటి దాంక వచ్చినోళ్లను ఉత్త చేతుల్తోని పంపుతమా? నౌకరి నీకే గావాలంటివి గదా. తీస్కో మరి.”

“పురుగుంటదయ్యా దాంట్ల.”

“ఒక్క పూటకు ఏమైతది? ఆమె తిని పోతది, రేపు నువ్వు వంటింట్ల ఉంటవు. ఎవలకు దెలుస్తది?”

“నాకు దెలుస్తది.”

బయట కారు ఆగిన చప్పుడైంది.

మనోరమ ముందు దిగింది. మేడ్చల్ దగ్గర ఎకరాలున్న ఇంటి మనిషి. చెప్పులు ఎక్కడ విప్పాలా అని వాకిలంతా చూసింది. వెనక హరుకో దిగింది. సన్నగా, పొట్టిగా, మోకాళ్ల దాకా కాటన్ జుబ్బా వేసుకుని, రెండు చేతులూ జోడించి బుచ్చవ్వకు నమస్కారం పెట్టింది. పొయ్యి ముందున్న బుచ్చవ్వ ఏం చేయాలో తెలీక గరిటెతోనే చేతులు జోడించింది.

లోపల చాప పరిచి ఉంది. ఇద్దరూ కూర్చున్నారు. ముత్తయ్య పొడి పంచె కట్టుకుని, గడప బయట గొంతుక్కూర్చున్నాడు. తన చేప తినేవాళ్ల మొహాలు చూడాలని ఆయనకు ఉంది. ఎంత దాచుకున్నా ఆ ఆశ ఆయన మొహంలో కనిపిస్తూనే ఉంది. సరళ అటు చూడలేకపోయింది.

ఆమె రెండు గిన్నెలు తెచ్చి వాళ్ల ముందు పెట్టింది. కింద అన్నం, చుట్టూ దోసకాయ, క్యారెట్, ఉల్లికాడలు, పైన నువ్వులు, చివరగా నువ్వుల నూనె చుక్కలు. నడుమ చేప ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. పక్కన వేరే పళ్లెంలో మోదుగాకుల మీద కొర్రమట్ట ముక్కలు అట్లాగే ఉన్నాయి.

హరుకో తన సంచిలోంచి తీసిన రెండు తినే పుల్లలతో నాలుగు మెతుకులు తీసుకుని నోట్లో వేసుకుంది. తల ఊపింది. పుల్లలు చేప వైపు వెళ్లాయి.

“వద్దు మేడం,” అంది సరళ.

పుల్లలు ఆగాయి.

“సముద్రం చేప లేదు. ఇది చెరువు చేప. పచ్చిగ పెట్ట.” చెయ్యి అడ్డంగా ఊపింది. “నో సీ. చెరువు. నో.”

హరుకో వచ్చి రెండేళ్లయింది. చెరువు అన్న మాట ఆమెకు తెలుసు. పుల్లలు గిన్నె మీద అడ్డంగా పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

గుమ్మం దగ్గర కుమార్ నుదురు కొట్టుకున్నాడు.

మనోరమ చిన్నగా నవ్వింది.

“అంటే ఇంత దూరం వచ్చింది ఉల్లికాడలు తినడానికన్నమాట. నేను ముందే అనుకున్న సరళా. నీ తప్పేం లేదు. మీ ఇండ్లల్ల వండుకునుడు వేరు, పరాయి దేశపోళ్లకు వండి పెట్టుడు వేరు. చేప ఏదో చూసుకోవడమే రాకపోతే ఎట్ల?”

“చూసుకునుడు వచ్చు గనకనే పెడతలేను మేడం.”

“ఏంది?”

“రాకపోతే ఇప్పటికి మీరు తింటుంటిరి. రుచి గూడ బాగుందందురు.” సరళ చేప పళ్లెం కాస్త తన వైపు జరుపుకుంది. “పావుగంట ఇయ్యుండ్రి. ఇదే చేపను పెనం మీద కాల్చి, ఆమె పులుసుల నానబెట్టి, ఈ అన్నం మీదనే పెడ్త. తింటే తినుండ్రి. కాదు, పచ్చిదే గావాలె అంటే, నేను మళ్ల తొట్టి కాడికే పోత. గిన్నెలు కడుగుడు నాకు కొత్తేం గాదు. గాని దీన్ని పచ్చిగ ఎవలకూ పెట్ట.”

హరుకో మనోరమ వైపు చూసి ఏదో అడిగింది. మనోరమ ఇంగ్లీషులో చెప్పింది. కాస్త తగ్గించే చెప్పి ఉంటుంది. హరుకో ఆమెను వదిలి సరళనే అడిగింది.

“ఎందుకు?”

ఆమెకు జవాబు తెలుసు. ఆ జవాబు నేర్పిందే ఆమె. అది సరళ నోటి నుంచి వినాలనుకుంటోంది.

సరళ గడప వైపు ఒకసారి చూసింది. ఈ మాట ఆయన వినకుండా చెప్పే దారి ఆమెకు ఎక్కడా దొరకలేదు.

“చెరువు చేపల పురుగుంటది,” అంది. “మనిషి కార్జానికి వడ్తది.”

 కొర్రమట్టను పట్టినవాడు, ఒలిచినవాడు, ముల్లు ముల్లూ వెతికి తీసినవాడు గడప బయట లేచి నిలబడ్డాడు.

“నా చేపల పురుగా?”

పళ్లెంలో తను కోసిన ముక్కల వైపు చూశాడు.

“నలభై ఏండ్లు,” అన్నాడు ముత్తయ్య. ఈసారి గోడకో, వలకో కాదు, సూటిగా కోడలి మొహంలోకి చూసి అన్నాడు. “నలభై ఏండ్లు గా నీళ్లల్ల దిగిన. గా చేప వెట్టే ఈ కొడుకును పెంచిన, ఇల్లు గట్టిన. పెండ్లయినకాడికెల్లి నీ కంచంలకు గూడ గదే. కన్ను లేని పీనుగ మంచిది, నాది పురుగుల చేపనా? పరాయోళ్ల ముంగట అంటవా?”

“మామా, ఉడికిస్తే ఏం గాదు. పచ్చిగ...”

“పచ్చిగనే తింట. సూడుండ్రి.”

ఆయన గడప దాటి లోపలికి వచ్చాడు. చాప మీద, జపాను మనిషి పక్కనే కూర్చున్నాడు. పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు. పుట్టి బుద్ధెరిగి పచ్చిచేప నాలిక మీద పెట్టని మనిషి, ముక్క ఒకటి తీసి నోటి దాకా తెచ్చాడు.

సరళ వంగి ఆయన మణికట్టు పట్టుకుంది.

కొంగు నెత్తి మీంచి జారి భుజాన పడింది. ఈ పొద్దు దాకా మామ ఎదురుగా తలెత్తి నిలబడని కోడలు, నలుగురి ముందు మామ చెయ్యి పట్టుకుంది. కుమార్ “సరళా” అన్నాడు. ఆ పిలుపులో బెదిరింపే ఉందో, భయమే ఉందో అతనికే తెలీదు.

“ఇడువు,” అన్నాడు ముత్తయ్య.

“ఇడువ.”

“నేను నీ మామను.”

“గందుకే ఇడువ. ఎవలో దారిన పోయేటోళ్లయితే ఒకసారి జెప్పి ఊకుందు.” ఆమె కళ్లల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. “నీ చేపసొంటిది ఈ తాలూకల లేదు మామా. గాని పచ్చిగ నిన్ను తిననియ్య.”

ముత్తయ్యది వలలు లాగిన చెయ్యి. విదిలిస్తే ఆమె అవతల పడుతుంది. ఆయన విదిలించలేదు. దించనూ లేదు. ముక్క వేళ్ల మధ్యనే ఉంది, నోటికి బెత్తెడు దూరంలో. ముసలాయన మొండితనం ముందు తన బలం ఎంతసేపు ఆగుతుందో తెలీక సరళ రెండో చెయ్యి కూడా వేసింది.

మనోరమ కారు తాళాలు తీసుకుని లేచింది. హరుకో లేవలేదు.

వాకిట్లో కట్టె చిటపటమంది. గరిటె రాయి మీద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత, నాలుగు రోజులుగా కోడితోనూ కట్టెలతోనూ తప్ప మాట్లాడని బుచ్చవ్వ గొంతు గడప దాకా వచ్చింది.

“సరళా, పట్టు ఇడువకు. నేనొస్తున్న.”